మూఢంలో ఆగే పనులు, ఆగని పనులు

గురుడు గానీ శుక్రుడు గానీ సూర్యుడికి మరీ దగ్గరై ఆ వెలుగులో కనబడకుండా పోయే కాలమే మూఢం. ఎంత దగ్గరైతే మూఢమో సూర్యసిద్ధాంతమనే పాత ఖగోళ గ్రంథం లెక్క కట్టింది: గురుడికి 11 భాగలు (డిగ్రీలు), శుక్రుడికి మామూలు నడకలో 10, వక్రించినప్పుడు, అంటే వెనక్కి నడిచినట్టు కనబడినప్పుడు, 8. గురు మూఢం సుమారు నెల ఉంటుంది, దాదాపు ఏడాదికోసారి వస్తుంది. శుక్రుడిది రెండు రకాలు. సూర్యుడికి అవతల ఉన్నప్పుడు రెండు నెలలు దాటుతుంది, ఇవతల ఉన్నప్పుడు వారం పది రోజుల్లో తేలిపోతుంది.

ఈ రోజుల్లో ఏ పనులు ఆపాలో ముహూర్త గ్రంథాలు పేరుపేరునా చెప్పాయి. 1600లో కాశీలో రామదైవజ్ఞుడు రచించిన ముహూర్తచింతామణిలో ఇంటి పని మొదలుపెట్టడం, ప్రతిష్ఠలు, తోటలు, చెరువులు, బావులు, వ్రతాల ఆరంభ ఉద్యాపనలు, కొత్త కోడలు ఇంట అడుగుపెట్టడం, తొలిసారి చేసే తీర్థయాత్ర కనిపిస్తాయి. పెళ్లి, ఒడుగు సరేసరి. దాదాపు అన్నీ కొత్తగా మొదలుపెట్టేవే, నెలా రెండు నెలలు ఆగినా చెడనివే. బావి సంగతి మాత్రం వేరు. గంగ ఒడ్డున ఉన్నవారికి అది ఆగినా ఇబ్బంది లేకపోవచ్చు గానీ, ఎండాకాలంలో రాయలసీమ రైతుకు అలా కుదరదు.

గడువున్న పనులకు ఈ అడ్డు లేదు. బారసాల, అన్నప్రాసన, సీమంతం వాటి వేళకు జరిగిపోతాయి. నిత్యపూజలు, తద్దినాలు, అపరకర్మలు ఎవరి మూఢం కోసమూ ఆగవు. నిషేధంగా పేరుపడ్డ ఈ ఆచారం నిజానికి వాయిదా వేయదగ్గ పనులను వేయరాని వాటి నుంచి విడదీసిన పద్దు. ఆషాఢం, పుష్యం వంటి శూన్యమాసాలకూ, అధికమాసానికీ ఇంచుమించు ఇదే పద్ధతి.

శుక్రుడి మూఢాల చక్రం 584 రోజులు. అలాంటివి ఐదు కలిస్తే 8 ఏళ్లకు రెండు రోజులే తక్కువ. అందుకే 2016 వేసవిలో వచ్చిన శుక్ర మూఢం 2024లో దాదాపు అవే తేదీల్లో మళ్లీ వచ్చింది. ఆ ఏడు మేలో గురు మూఢమూ తోడై, ఏటా పెళ్లిళ్లతో కిటకిటలాడే మే, జూన్ నెలల్లో తెలుగునాట ముహూర్తాలే లేకుండా పోయాయి. ఫంక్షన్ హాళ్లకూ, బాజాభజంత్రీలవారికీ, వంటవాళ్లకూ, పురోహితులకూ పని లేకపోయింది. వెంటనే ఆషాఢం రావడంతో ఆగిన పెళ్లిళ్లు శ్రావణం దాకా ఎదురుచూడవలసి వచ్చింది.