పీడనమునకు పక్కదారి

సముద్రమును ఎదిరించుట ఒక విద్య. విశాఖ రేవు ముఖద్వారమున డబ్ల్యు. సి. ఆష్ అను ఇంజనీరు రెండు పాత ఓడలను ముంచి, వానినే అలలకు అడ్డుగోడగా నిలిపెను. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అను నౌక ఆ రేవులో ప్రవేశించెను. ఎదిరింపక పక్కకు తప్పించు విద్య మరియొకటి కలదు. 1965లో ఇనుప ఖనిజమును ఓడల కెక్కించు యంత్రసామగ్రి నెలకొన్న ఈ రేవునందును, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన విశాఖ ఉక్కు కర్మాగారము నందును, నూనె బలముతో బరువులెత్తు ప్రతి యంత్రపు గర్భమునను అది దాగియున్నది. దాని పేరు రిలీఫ్ వాల్వు.

మన ఊళ్లలో మట్టి తవ్వు యంత్రమునకు స్థిరపడిన 'పొక్లెయిన్' అను మాట ఒక ఫ్రెంచి సంస్థ పేరని ఎందరెరుగుదురు? ఆ యంత్రములోని పంపు మొండిది. ఒక్కొక్క చుట్టునకు ఇంత నూనె నెట్టుట తప్ప, ముందు దారి ఉన్నదో లేదో విచారింపదు. బకెట్టు బండరాతికి తగిలి నిలిచెనా, అణగుటకు ఇష్టపడని నూనె గొట్టమునో, సిలిండరునో చీల్చుకొని పోవలసినదే. అట్లు జరుగకుండ, స్ప్రింగు అదుమగా రంధ్రముపై కూర్చున్న చిన్న శంకువు, పీడనము హద్దు మీరిన క్షణమున పైకి లేచి, నూనెను ట్యాంకులోనికి మరలించి, ఉద్ధృతి తగ్గగానే యథాస్థానమున కూర్చుండును. ఆ హద్దును నిర్ణయించునది స్ప్రింగును బిగించు మర.

ఈ యుక్తికి పూర్వికుడు 17వ శతాబ్దపు డెనిస్ పాపిన్; ఆవిరి పాత్రకు అతడు తగిలించిన బరువు వాల్వునకు మన వంటింటి కుక్కరు విజిలు దగ్గరి చుట్టము. ఆవిరి నుండి ద్రవమునకు వచ్చినచో, 1795లో జోసెఫ్ బ్రామా ద్రవపీడన యంత్రమునకు పేటెంటు హక్కు పొందెను. ఇట్టి యంత్రములలో ఉత్త స్ప్రింగు వాల్వు పీడనము పెరిగిన కొలది గడగడలాడును. పెద్ద ప్రవాహమునకు పెద్ద స్ప్రింగు కావలెను. అమెరికా దేశపు హారీ వికర్స్ పేరుతో ముడిపడిన పైలట్ వాల్వులో పెద్ద తలుపునకు వెనుక నుండియు నూనెయే ఆనుకొని యుండును; సూదిమొనవంటి రంధ్రము ద్వారా వచ్చిన ఆ నూనెను చిన్న వాల్వు ఒకటి విడుదల చేయగా, వెనుకబలము కోల్పోయి పెద్ద తలుపు తెరచుకొనును.

చక్కని ఏర్పాటే, అయినను ఉచితము కాదు. నిమిషమునకు 100 లీటర్ల నూనె 200 బార్ల పీడనమున వాల్వు దాటినచో, సుమారు 45 అశ్వశక్తులు వట్టి వేడిగా మారును. ఇక ఖనిజపు ధూళి, బొగ్గు నలుసు నిండిన మన రేవుగాలిలో ఆ సూదిరంధ్రము పూడినదా, పెద్ద తలుపు మూతపడనే పడదు; యంత్రమునకు బలము చచ్చినదని డ్రైవరు గోలపెట్టును. అప్పుడు మరను బిగించుట అవివేకము. పట్టిన రోగము మురికి, బిగింపు దానికి మందు కాదు. కావున మరమ్మతు చేయు సోదరులారా, ముందు ఫిల్టరు చూడుడు. పీడనపు గేజి తగిలింపక ఆ మరను తాకకుడు.