ఒట్టపిడారంలో 493 ఓట్లు: లెక్క మీద నమ్మకం ఎలా కుదురుతుంది?

ఒట్టపిడారం అంటే మనవాళ్లకు పక్కనున్న పాంచాలంకురిచ్చి, కట్టబొమ్మన గుర్తుకొస్తారు. ఎన్నికల సంగతి వస్తే మాత్రం గుర్తుంచుకోవలసింది ఒక అంకె: 493. 2016 శాసనసభ ఎన్నికల్లో ఇక్కడ అన్నాడీఎంకే అభ్యర్థి సుందరరాజ్ అంత తక్కువ తేడాతో గెలిచారు. డీఎంకే కూటమి తరఫున ఓడిన పుదియ తమిళగం నాయకుడు కృష్ణసామి హైకోర్టుకు వెళ్లారు.

ఆ కేసు తేలకముందే, 2017 సెప్టెంబరులో స్పీకర్ అనర్హులుగా ప్రకటించిన 18 మంది ఎమ్మెల్యేలలో సుందరరాజ్ కూడా చేరారు. 2019 ఏప్రిల్ 18న రాష్ట్రంలో ఉప ఎన్నికలు జరిగినప్పుడు, కోర్టులో పిటిషన్ ఉందని ఒట్టపిడారాన్ని పక్కన పెట్టారు. ఈలోగా కృష్ణసామి అన్నాడీఎంకే కూటమిలోకి వచ్చి పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. మే 19న పోలింగ్ జరిగి డీఎంకే అభ్యర్థి షణ్ముగయ్య గెలిచేసరికి, ఊళ్లు ఎమ్మెల్యే లేకుండా దాదాపు 20 నెలలు గడిపాయి. కూటమి మారింది, పిటిషన్ పోయింది. ఓటరు మనసులోని అనుమానానికి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. మాకు అసలు బాధ అదే.

పక్క జిల్లాలోని రాధాపురం కథ ఇంకా విచిత్రం. అదే 2016లో అక్కడ తేడా 49 ఓట్లే. గొడవ యంత్రం మీద కాదు, కాగితం మీద: పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ధ్రువీకరించిన 203 పోస్టల్ ఓట్లు చెల్లుతాయా, చెల్లవా అని. 2019 అక్టోబరులో హైకోర్టు ఆదేశంతో మళ్లీ లెక్కించారు. ఫలితం ప్రకటించకుండా సుప్రీంకోర్టు ఆపింది. మెషీన్లు తీసేసి పాత బ్యాలెట్ తెస్తే అన్నీ సర్దుకుంటాయనేవారు ఈ కేసు ఒకసారి చూడాలి.

అయితే నమ్మకం ఎక్కడ కుదురుతుంది? మా లెక్కలో అది పోలింగ్ బూత్‌లోనే, పోటీ పార్టీల ఏజెంట్లు పక్కపక్కన కూర్చునే బెంచీ మీదే మొదలవుతుంది. ఏజెంట్లు మామూలుగా ఆ బూత్ ఓటర్లే, అంటే మన వీధివాళ్లే. పోలింగుకు ముందు వాళ్ల ఎదుటే కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ జరుపుతారు. యంత్రం చూపిన లెక్కనూ వీవీప్యాట్ చీటీలనూ సరిచూసి, ఆ ఓట్లు చెరిపేసి, ఏజెంట్ల సంతకాలు తీసుకుంటారు. సాయంత్రం పోలైన ఓట్ల మొత్తం రాసిన ఫారం 17సీ నకలు ప్రతి ఏజెంటుకూ ఇవ్వాలి. లెక్కింపు రోజు కంట్రోల్ యూనిట్ చూపే మొత్తం దానితో సరిపోవాలి. ఆపై నియోజకవర్గానికి 5 బూత్‌ల చీటీలను లాటరీ తీసి లెక్కిస్తారు. చంద్రబాబు నాయుడుతో సహా ప్రతిపక్ష నేతలు వేసిన కేసులో 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒకటి నుంచి అయిదుకు పెంచిన సంఖ్య ఇది.

ఇంత ఏర్పాటు ఉన్నా ఆ 17సీ కాగితం పార్టీ ఆఫీసు దాటి ఊళ్లోకి రాదు. మన కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు ఇళ్లలో అన్న ఒక పార్టీ, తమ్ముడు ఇంకో పార్టీ అయిన చోట్లకు కొదవ లేదు. పెళ్లిపందిట్లో కలిసి కూర్చునేవాళ్లు ఓట్ల లెక్క దగ్గర ఎందుకు కూర్చోకూడదు? పోలింగుకు ఓ వారం ముందు సంఘం మండపంలో రెండు పక్షాల ఏజెంట్లనూ పిలిచి, ఈ పద్ధతంతా పెద్దలకూ కొత్త ఓటర్లకూ చెప్పించవచ్చు. ప్రచారం వద్దు, జెండాలు వద్దు. ఫలితం వచ్చాక ఇద్దరి 17సీ నకళ్లూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. తేడా లేకపోతే ఓడినవాడే ఆ మాట చెప్పాలి. గెలిచినవాడు చెబితే ఎవరు వింటారు?

తేడా కనిపిస్తే గడువులు గుర్తుండాలి. 2024 ఏప్రిల్ 26 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు ఫలితం వచ్చిన 7 రోజుల్లో 5 శాతం యంత్రాల తనిఖీ కోరవచ్చు. ఖర్చు ముందు వాళ్లే కట్టాలి, యంత్రంలో లోపం తేలితే తిరిగి ఇస్తారు. ఎన్నికల పిటిషన్‌కు గడువు 45 రోజులు. దాన్ని అభ్యర్థే వేయాలని లేదు, ఆ నియోజకవర్గపు ఓటరు ఎవరైనా వేయవచ్చు.