బంగళా రిజిస్టరులో రాయని లెక్క

సర్వీసులో క్యాంపులు తిరిగిన మనలో ట్రావెలర్స్ బంగళా తెలియనివారు ఉండరు. దొరల ప్రయాణాల కోసం పుట్టిన ఆ బంగళాలు చిన్న ఊళ్ళకు చేసిన మేలు గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండనే తీసుకోండి. దాని పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యు.డి. హార్స్‌లీ, 4,000 అడుగులకు పైగా ఎత్తున్న ఆ కొండ చల్లదనం చూసి వేసవి విడిది కట్టించుకున్నాడు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు మదనపల్లె కడప జిల్లాలోనిదే. దొర విడిది పోను పోను అధికారుల విడిది అయింది. తరువాత పర్యాటక శాఖ అతిథి గృహాలు వచ్చి సామాన్యులకూ గది దొరికింది.

1970 దశకంలో అక్కడ రెండు రాత్రులు క్యాంపు చేశాను. పాలు కింది పల్లె నుంచి వచ్చేవి. కూరగాయలు, బియ్యం మదనపల్లె బస్సులో ఎక్కేవి. వాచ్‌మన్ భార్య సంగటి, చెనక్కాయల చట్నీ చేసి పెట్టింది. గది అద్దె చలానా కట్టి ట్రెజరీకి పోయింది. మిగిలిన ఖర్చంతా ఆ చుట్టుపక్కల ఇళ్ళకే చేరింది. పగలు చూసి వెళ్ళిపోయేవారి వల్ల ఊరికి ఒక టీ బేరం. రాత్రి ఉండేవారి వల్ల పాలవాడికి, చాకలికి, వంటమనిషికి, జట్కావాడికి పని.

ఆ సంగతి తెలిసి కూడా నేనొక పొరపాటు చేశాను. కొన్నేళ్ళకు మరో తాలూకాలో పాత బంగళా మరమ్మతు ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. అద్దె రాబడి కంటే మరమ్మతు ఖర్చు ఎక్కువని నోటు రాశాను. అంకెల్లో తప్పు లేదు. బంగళా మూతపడింది. రెండేళ్ళ తరువాత ఆ దారిన వెళితే ఎదుటి టీ కొట్టు లేదు. వాచ్‌మన్ కుటుంబం కూలికి బెంగుళూరు పోయిందన్నారు. రిజిస్టరులో ఉన్నది అద్దె ఒక్కటే. నేను చూసిందీ అదే.

లెక్కకు అందని లాభం ఇంకొకటి ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు మదనపల్లె థియొసాఫికల్ కళాశాలలో అతిథిగా ఉన్నారు. జనగణమనను ఆంగ్లంలోకి అనువదించింది అక్కడే. ఆ పేరు ఊరికి నేటికీ నిలిచింది.

సభ్యులకు నా విన్నపం ఒక్కటే. మీ ఊళ్ళో పాత బంగళాను మూసే మాట వస్తే, అద్దె కాక ఊరికి చేరే డబ్బు ఎంతో కూడా లెక్క కట్టమని అర్జీ పెట్టండి. విహారానికి వెళితే ఒక రాత్రి అక్కడే బస చేయండి.