వేల్సు దేశపు రగ్బీ జట్లు

బ్రిటను ద్వీపమునకు పడమటి దెసనున్న చిన్న దేశము వేల్సు. దాని దక్షిణపు లోయలలో పందొమ్మిదవ శతాబ్దమున బొగ్గుగనులును ఇనుప కర్మాగారములును వెలసినవి. గని యున్నచోట ఊరు పుట్టెను. ఊరు పుట్టినచోట ప్రార్థనామందిరము, కార్మికుల సంఘభవనము, రగ్బీ మైదానము ఏర్పడినవి. సంఘభవనములందు గ్రంథాలయములుండెడివి. గని కార్మికులు తమ కూలిలోనుండి పెన్నీలు మినహాయించుకొని వానిని పోషించిరి. ఆ ఊళ్లలో పుస్తకమును బంతిని పోషించిన చేయి ఒక్కటే.

రగ్బీ యనగా పక్షమునకు పదునైదుగురు చొప్పున ఆడు ఆట. కోడిగ్రుడ్డు వంటి బంతిని చేతబట్టి పరుగెత్తి ఎదుటివారి గీత కావల నేలకు తాకింపవలయును. బంతిని చేతితో ముందునకు విసరరాదు. బంతి పట్టినవానిని ఒడిసిపట్టి పడవేయవచ్చును. చెడుగుడు ఆడినవారికి ఇందలి పట్టు విడుపులు సులభముగనే బోధపడును. వేల్సునందు మిగుల ప్రాచీనమైన రగ్బీ సంఘము నీత్ పట్టణమున 1871లో నెలకొన్నది. దేశమంతటికిని చెందిన రగ్బీ సమాఖ్య కూడ 1881లో ఆ పట్టణముననే స్థాపితమయ్యెను.

ఈ ఆటకు ఒకప్పుడు ఒక కఠిన నియమము ఉండెను. ఆడినందుకు పైకము పుచ్చుకొనరాదు. కలవారి పాఠశాలలలో చదివిన ఇంగ్లండు పెద్దలు చేసిన నియమమిది. భూవసతి గలవానికి ఇది గౌరవముగ తోచవచ్చును గాని, పని మానిన నాడు కూలి పోగొట్టుకొను కార్మికునకు ఇది శిక్షయే. ఆటకై పోయిన కూలినైనను ఇప్పింపుడని ఉత్తర ఇంగ్లండు సంఘములు 1893లో కోరినవి. సభ త్రోసిపుచ్చెను. 1895 ఆగస్టు 29వ తేదీన హడర్స్‌ఫీల్డు పట్టణమున ఆ సంఘములు సమావేశమై వేరుపడినవి. రగ్బీ లీగ్ అను ప్రత్యేక క్రీడ అట్లు పుట్టినదే.

వేల్సు వేరుపడలేదు. అట్లని అచటి కార్మికునకు కూలి నష్టము లేకపోలేదు గదా! న్యూపోర్టు జట్టునకు వన్నె తెచ్చిన ఆర్థర్ గౌల్డ్ అను వీరునకు ప్రజలు చందాలు కూర్చి 1897లో ఒక ఇల్లు బహూకరించిరి. ఇది జీతము వంటిదేయని అంతర్జాతీయ మండలి ఆక్షేపించెను. వేల్సు ఆ మండలినుండి తొలగెను. మరుసటి సంవత్సరమున రాజీ కుదిరినది. గౌల్డ్ మరల దేశము పక్షమున ఆడలేదు. ఇల్లు మాత్రము ఆయనకే దక్కినది.

అటుపిమ్మట దాదాపు నూరేండ్లు పైకి ఒక మాట, లోపల ఒక చేత. ఆట ముగిసిన పిదప బూట్లలో నాణెములు కనబడెడివని లోయలలో అందరు ఎరుగుదురు, ఎవరును పలుకరు. ఆ గుప్త దానముతో సంసారము గడవనివారు ఉత్తరమునకు పోయి లీగ్ జట్లలో జీతమునకు చేరిరి. కార్డిఫ్ బాలుడు జిమ్ సల్లివన్ 1921లో పదునేడవ యేట విగన్ పట్టణమునకు వెడలెను. అట్లు పోయినవారికి పాత మైదానపు తలుపులు మూసికొనెడివి. పొట్టకూటికై పోయినవానిని వెలివేయుట ఎట్టి క్రీడాధర్మమో ఊహింప శక్యము గాదు.

అయినను ఆ జీతము లేని జట్లే ఘనకార్యములు చేసినవి. లనెల్లి తగరపు రేకుల పరిశ్రమకు పేరొందిన పట్టణము. అచటి గోలు స్తంభముల కొనలందు చిన్న గిన్నెలు తగిలించియుండెడివి. 1972 అక్టోబరు 31వ తేదీన న్యూజీలాండు దేశపు జట్టును ఈ ఊరి జట్టు 9–3 తేడాతో ఓడించెను. శిక్షకుడు కార్విన్ జేమ్స్ వేల్షు భాషాధ్యాపకుడు. దేశమును దేశము ఓడించుట వేరు, దేశమును ఊరు ఓడించుట వేరు. అందుచేతనే ఆ అంకెలు అచట నేటికిని మరపునకు రాలేదు.

1995 ఆగస్టులో అంతర్జాతీయ మండలి పారిస్ నగరమున సమావేశమై జీతము నిషేధించు నియమమును రద్దు చేసెను. అప్పటి అధ్యక్షుడు వెర్నన్ ప్యూ వేల్సు న్యాయవాదియే. కాని ఆ నాటికి లోయలలో గనులు చాలవరకు మూతపడియుండెను. ఊరి జట్లకు జీతములిచ్చు శక్తి లేకపోయెను. చివరకు 2003లో సమాఖ్య తొమ్మిది పెద్ద సంఘముల స్థానమున అయిదు ప్రాంతీయ జట్లను నిలిపెను. నీత్, స్వాన్సీలు ఒకటైనవి. న్యూపోర్టు, ఎబ్బువేల్ ఒకటైనవి. పాంటిప్రీద్, బ్రిడ్జెండ్ కలిసి ఏర్పడిన జట్టు ఒక్క యేడాదియే బ్రతికి 2004లో రద్దయ్యెను. లెక్కలు చూచువారికి ఈ విలీనము తప్పనిసరి. తాతనాటినుండి ఎదుటి ఊరిని ఓడించుటయే పండుగగా ఎంచినవారికి అది మ్రింగుడుపడని ముద్ద.

పాత సంఘములు మాత్రము చావలేదు. అవి అర్ధవృత్తి జట్లుగ మారినవి. ఆటగాండ్రు పగలు తమ తమ ఉద్యోగములు చేసికొని, సాయంకాలములందు సాధన చేసి, శనివారము మైదానమునకు వత్తురు. కొంత పైకము బహిరంగముగనే ముట్టును. 1893లో అడిగినది ఇంచుమించు ఇదియే! ప్రాంతీయ జట్టును కోల్పోయిన పాంటిప్రీద్ ఈ అర్ధవృత్తి పోటీలలో 2012 మొదలు 2015 వరకు వరుసగ నాలుగు మారులు విజేతగ నిలిచెను. ఉత్తర వేల్సు వారికి ఒకప్పుడు ఫుట్‌బాలే గాని రగ్బీ అంతగా పట్టలేదు. వారును కొల్విన్ బే పట్టణము కేంద్రముగ ఒక ప్రాంతీయ జట్టును కూర్చుకొనిరి. ఓవైన్ గ్లిన్‌డూర్ వేల్సు రాజుగ అభిషిక్తుడైన 1404వ సంవత్సరమును తొలుత తమ జట్టు పేరున చేర్చుకొనిరి. ఆ జట్టు 2017లో మెర్తర్ పట్టణపు జట్టును 15–11తో గెలిచి జాతీయ కప్పును ఉత్తరమునకు కొనిపోయెను.

2024లో సమాఖ్య ఈ అర్ధవృత్తి జట్లకు పైమెట్టుగ పది జట్ల కొత్త పోటీ నొకదానిని ఆరంభించెను. ఉత్తరమువారికి అందు చోటు దొరకినది. ఆరంభపు జాబితాలో పాంటిప్రీద్ లేదు. సమాఖ్య పుట్టిన నీత్ పేరును లేదు.