మరుగుజ్జులును రాకాసులును: దాయాదిజాతుల కథ

తెలుగు, కన్నడము, అరవము మూడును ఒకదానితో నొకటి రాచుకొను సీమలలో సదుము మొదలు పుంగనూరు, పలమనేరుల మీదుగా కుప్పము వఱకు వ్యాపించిన మెట్టసీమ యొకటి. 1911వ సంవత్సరమున చిత్తూరు మండల మేర్పడినపుడు ఉత్తరార్కాటు మండలమునుండి కొన్ని తాలూకాలను, కడప మండలమునుండి మదనపల్లె, వాయలుపాడులను దీసి కూర్చిరి. ఆ కూర్పునకు ముందును తరువాతను గూడ ఇచటి జనుల నాలుకపై మూడు భాషల మాటలు తిరుగుచునే యున్నవి. అందువలన ఒక్క వస్తువునకే మూడు పేర్లును, ఆ మూడు పేర్ల వెనుక మూడు కథలును విననగుట యీ సీమకు సహజము. అట్టి వస్తువులలో మిక్కిలి విచిత్రములైనవి రాతిగుళ్ళు.

నాలుగు గొప్ప బండపలకలను నిలిపి, వానిపై నింకొక పలకను గప్పి కట్టిన యీ గుళ్ళు పలమనేరు ప్రాంతమున బాపనత్తము, ఇరలబండ మొదలగు చోట్ల గుంపులుగా నున్నవి. ఇరలబండయందు గుడి చుట్టును తల గుండ్రముగా చెక్కిన నిలువు పలకలు వలయముగా నిలిపియుండుటచే పురాతత్త్వజ్ఞులు వానిని ప్రత్యేకముగా పేర్కొనుచుందురు. తెలుగువారు వీనిని పాండవగుళ్ళందురు. తెలంగాణమునను మఱికొన్ని చోట్లను రాకాసిగుళ్ళందురు. కన్నడసీమలో వీనికి మోరియర మనెలని పేరు; హిరేబెణకల్లు వద్ద నున్న గుట్టకు మోరియర గుడ్డయనియే పేరు. కేరళమున మఱయూరు కొండలయం దివి మునియఱలు, అనగా మునుల గదులు. ఒకే విధమైన కట్టడము ఒకచోట వీరుల యిల్లు, ఒకచోట రాకాసుల యిల్లు, ఒకచోట తపస్వుల యిల్లు, ఒకచోట మరుగుజ్జుల యిల్లు.

కడపటిదానికి కొంత వివరణము వలయును. మోరియలు మూడు జేనల పొడవు గలవారనియు, ఐనను గొప్ప బండల నవలీలగా నెత్తగల బలశాలులనియు కన్నడసీమ వాడుక. సురపురము సంస్థానమున పనిచేసిన మెడోసు టైలరు పందొమ్మిదవ శతాబ్దమున ఆ ప్రాంతపు గుళ్ళను పరిశీలించి వ్రాసిన వ్రాతలలో నీ నమ్మకమును పేర్కొనియున్నాడు. కోయంబత్తూరు, నీలగిరి ప్రాంతములయందును ఇట్టి కథయే కలదు. అచట పొట్టివారి పొడవు ఒక మూర.

ఈ కథ పుట్టుటకు కారణము ఆ కట్టడమునందే యున్నది. తఱచుగా ఈ గుళ్ళకు ఒక ప్రక్క పలకలో గుండ్రని రంధ్ర ముండును. మనుష్యుడు దానిగుండ దూరుట కష్టము. చూచినవాడు దానిని వాకిలి యనుకొనినచో ఆ యింట నుండినవారు మిక్కిలి పొట్టివారై యుండవలెను. పైకప్పు బండను జూచినచో దాని నెత్తినవారు మిక్కిలి బలవంతులై యుండవలెను. ఈ రెండు ఊహలలో వాకిలిని పట్టుకొన్నవారు మరుగుజ్జులను కల్పించిరి. కప్పును పట్టుకొన్నవారు రాకాసులను కల్పించిరి. రెంటిని గలిపినవారు ఏనుగు బలముగల పొట్టివారిని కల్పించిరి. రాయి మాత్ర మొక్కటియే. మరుగుజ్జు, రాకాసి అను రెండు జాతులును ఒకే మృతజనుల రెండు నీడలన్నమాట. పల్లెజనుల కథ లిట్లు హేతువును ముందుంచుకొని పుట్టునని యొప్పుకొనుటకు పండితులు తఱచు వెనుదీయుదురు గాని, ఈ తర్కమున లోపమేమియు లేదు. రంధ్రము వాకిలి యనుకొనుట యొక్కటియే పొరపాటు.

పల్లెకథలలో నిట్లు ఒకే మూలమునుండి పుట్టిన యీ రెండు జాతులు పురాణములయందు అన్నదమ్ములై యుండుట గమనింపదగినది. యక్షులును రాక్షసులును అట్టివారు. ఉత్తరకాండమున చెప్పబడిన కథ పాఠశాలల పండితులకు సుపరిచితమే. తిక్కన నిర్వచనోత్తర రామాయణమునను, పిమ్మట కంకంటి పాపరాజు ఉత్తర రామాయణమునను దానిని తెలుగు చేసియున్నారు. బ్రహ్మ మొదట జలమును సృజించి, దానిని కాపాడుటకు ప్రాణులను పుట్టించెను. ఆకలిగొన్న ఆ ప్రాణులలో కొందఱు కాపాడెదమనిరి; వారు రాక్షసులైరి. కొందఱు పూజించెదమనిరి, వారు యక్షులైరి. నిర్వచనము వ్యాకరణమునకు సరిపడునా లేదా యన్నది వేఱుమాట. ఇందు ముఖ్యమైన దేమనగా, రెండు జాతులును ఒక్కనాడు ఒక్క తండ్రికి ఒక్క పనికై పుట్టినవి. రాక్షసశబ్దమునకు మొదట చెప్పిన యర్థము రక్షించుటయే.

తరువాతి కథ యంతయు ఆస్తితగాదా. లంకను విశ్వకర్మ కట్టగా మాల్యవంతుడు, సుమాలి, మాలి అను రాక్షసులు దాని నాక్రమించి యుండిరి. విష్ణువుచే నోడి మాలి చావగా తక్కినవారు రసాతలమునకు పోయిరి. పట్టణము పాడుపడెను. విశ్రవసుని కుమారుడు కుబేరుడు తండ్రి యాజ్ఞచే ఆ శూన్యనగరమున చేరెను. సుమాలి దానిని చూచి తన కూతురు కైకసిని విశ్రవసునొద్దకే పంపెను. ఆమెకు రావణుడు, కుంభకర్ణుడు, శూర్పణఖ, విభీషణుడు పుట్టిరి. ఒకే తండ్రికి యక్షపతియు రాక్షసపతియు కుమారులైరి. రావణుడు ప్రహస్తుని దూతగా పంపి లంకను విడువుమని యడిగించినపుడు కుబేరుడు తండ్రిమాట విని లంకను విడిచి కైలాసమునకు పోయెను. ఇచట ఎవరి హక్కు న్యాయమైనది? తాతలనాటి స్వాధీనము రాక్షసులది. ఖాళీగానున్న నగరమును తండ్రియనుమతితో పొందినది కుబేరుడు. ఏ న్యాయస్థానమునకు పోయినను ఇరువైపుల వకీళ్ళకు చెప్పుకొనుటకు మాట లుండును. కవి ఒకని ప్రక్కనే న్యాయమంతయు పెట్టలేదు. కథ బలమంతయు నిందే యున్నది.

ఆ వెనుక కుబేరుడు తమ్మునికి బుద్ధి చెప్పుటకు దూతను పంపగా రావణు డతనిని చంపెను; కైలాసముపైకి దండెత్తెను. యుద్ధమున యక్షులు ఋజువుగా పోరిరనియు, రాక్షసులు మాయను ఆశ్రయించిరనియు ఆదికవి రెండు జాతుల పోరుతీరును వేఱుచేసి చూపెను. మణిభద్రుడను యక్షసేనాని తలపై దెబ్బతిని కిరీటము ప్రక్కకు ఒరగగా పార్శ్వమౌళి యను పేరు పొందెను. పుష్పకము రావణుని పాలయ్యెను. జాతుల భేదము ఇచట రూపమునందుగాని రక్తమునందుగాని లేదు. ఆయుధము పట్టు తీరునందున్నది.

మహాభారతము వనపర్వమునందలి రామోపాఖ్యానమున కథ మఱియొకవిధముగా నున్నది. కుబేరుడే తండ్రి సేవకై పుష్పోత్కట, రాక, మాలిని అను మువ్వురు రాక్షసస్త్రీలను పంపెను. వారికి రావణాదులు పుట్టిరి. ఈ కథలో రాక్షసులు కుబేరుని పరిజనమే. విభీషణుడు అన్నలను విడిచి కుబేరుని అనుసరింపగా, కుబేరు డతనికి యక్షరాక్షససేనల నాయకత్వ మిచ్చెను. రెండుజాతుల సేన యొక్కటిగా నుండిన దశ యొకటి కవుల జ్ఞాపకమున నుండెనని దీనివలన తోచును. ఇంకను వెనుకకు పోయినచో భేదమే మాయమగును. శతపథబ్రాహ్మణమున కుబేర వైశ్రవణుడు రాక్షసులకు రాజు. అథర్వవేదమున అతని ప్రజకు ఇతరజనులని పేరు. వారు పొందినది దాగుకొను విద్య. ఇతరజనులు! ఊరి వెలుపల, కంటికి కానరాక, పేరు పెట్టి పిలువరానివారిని గుఱించి మన పల్లెలలో ఇప్పటికిని పెద్దవా రిట్లే ముసుగుమాటలు వాడుదురు.

పాళీగ్రంథములు మఱియొక సాక్ష్యము. సంస్కృతకవులు రాక్షసులకిచ్చిన లంకలోనే మహావంశము యక్షులను నిలిపినది. విజయుడు ఆ దీవిని చేరునప్పటికి అచట నుండినవారు యక్షులు. వానికి తోడ్పడి, పిదప విడువబడిన కువేణి యక్షిణి. ఆమె బిడ్డలవలన పుళిందులు కలిగిరని ఆ గ్రంథము చెప్పును. ఒకే దీవి జనులు ఒక మతమువారికి రాక్షసులు, ఒక మతమువారికి యక్షులు.

యక్షులు పొట్టివారా యని ప్రశ్న పుట్టవచ్చును. కావ్యములలో అందమైన యక్షులు పెక్కురు. మేఘసందేశపు యక్షుని మరుగుజ్జుగా నెవరును భావింపరు. శిల్పులు మాత్రము వేఱుమార్గమును గూడ పట్టిరి. సాంచి పడమటి తోరణపు కంబములపై బరువు మోయువారు పొట్టకడుపుల కుబ్జులు. అమరావతిస్తూపమున పూదండను మోయు గుజ్జురూపములను యక్షులనియే విద్వాంసులు వ్యవహరింతురు. కుబేరశబ్దమునకు కుత్సితమైన బేరము, అనగా శరీరము, గలవాడని సంప్రదాయార్థము. చిత్తూరుసీమకు చెంది యుండిన గుడిమల్లమునందలి పురాతనలింగముపై శివుడు ఒక కుబ్జుని భుజములపై నిలిచియున్నాడు. అతడు అపస్మారపురుషుడని కొందఱు, యక్షుడని కొందఱు. పొట్టితనము, గుహావాసము, నవనిధుల కాపలా, బరువు మోయు బలము: ఈ నాలుగును ఒక్కచోట చేరినపుడు కుబేరుని గుహ్యకులు మోరియలకు మిక్కిలి చేరువ బంధువులు.

ఐరోపాఖండమునను ఇట్టి జోడు కలదు. పదమూడవ శతాబ్దమున ఐస్లాండు పండితుడు స్నోరి వ్రాసిన ఎడ్డాయందు మరుగుజ్జులు ఈమిరు అను మహాకాయుని మాంసమున పురుగులై పుట్టి, రాళ్ళలో నివసించు కమ్మరులు. గనులనుగూర్చి ప్రమాణగ్రంథములు వ్రాసిన అగ్రికోలా 1549లో భూగర్భప్రాణుల గుఱించి వ్రాయుచు గనులలోని భూతములను రెండు తెగలుగా విభజించెను: ఒకటి క్రూరము, ఒకటి సాధువు. సాధుజాతివారు రెండడుగుల పొడవు మాత్రము కలిగి, గనిపనివాండ్రను అనుకరించుచు, ఏ పనియు నిజముగా చేయక తిరుగుదురట. జర్మనులు కోబోల్డని పిలిచిన ఆ భూతముపేరే కోబాల్టు అను లోహమునకు వచ్చినది. అగ్రికోలా భూతములకును మోరియలకును పొడవు ఇంచుమించుగా సమానమగుట వట్టి యాదృచ్ఛికమే కావచ్చును. ఇట్టి కొలతలపై వంశవృక్షములు కట్టుట సాహసము.

ఆంగ్లకథకులలో జార్జి మాక్డొనాల్డు 1872లో ప్రకటించిన రాకుమారి కథలో గోబ్లినులనువారు మొదట మనుష్యులే. రాజు పెట్టిన బాధల కోర్వలేక భూమిలోనికి దిగి, తరతరములకు వికృతరూపులైరి. 1937లో వెలువడిన టోల్కీను హాబిట్టు కథలో మరుగుజ్జులకును గోబ్లినులకును తరతరముల వైరము. ఐనను చెడ్డ మరుగుజ్జులు కొందఱు గోబ్లినులతో పొత్తు చేసికొనిరని ఆ రచయిత ఒకమాట విడిచెను. ఆ ఒక్కమాట విలువైనది. అతని ననుసరించిన పలువురు కల్పనాకథకులు వైరమును పుట్టుకగుణముగా జేసి, ఒక జాతి నంతను చంపదగినదిగా విడిచిరి. మన పురాణములలో అట్టి సౌలభ్యము కవులకు లేదు. దేవతలు, దైత్యులు కశ్యపుని బిడ్డలు. గరుడుడు, నాగులు సవతితల్లుల బిడ్డలు. యక్షరాక్షసపతులు ఒక్క విశ్రవసుని బిడ్డలు. శత్రువు దాయాది కాని కథ యరుదు. దాయాదిని చంపినవానికి మైల తప్పదు; కథకునకు ఇరువైపుల ఏడ్పును చెప్పక తప్పదు. క్రొత్తగా ఇట్టి లోకములను కల్పింపదలచు తెలుగు రచయితకు ముడిసరకు ఇంటనే యున్నది.

కథలోని జాతిని నేలమీద వెదకుట ప్రాతవ్యసనము. పారసీకరాజు ఆస్థానవైద్యుడు క్టీసియసు, హిందూదేశమును చూడకయే, దాని నడిమిభాగమున రెండుమూరల పొడవైన పొట్టిజనులు కలరనియు, వారి యెడ్లు పొట్టేళ్ళంతేసి యనియు వ్రాసెను. పుంగనూరు ఆవును చూచినవా రెవరైనను ఈ మాటకు చిఱునవ్వు నవ్వకుండలేరు. మూడడుగులు మించని యా యావు ఈ సీమ గర్వకారణమే. ఆవు పొట్టిదైనంత మాత్రమున కాచువాడు పొట్టివాడు కానక్కరలేదు గదా! యక్షశబ్దభవమైన జక్కుపేరు తెలుగునాట గానవృత్తిగల జక్కులవారియందు నిలిచినది. క్రీడాభిరామమున జక్కులపురంధ్రి పాడుచు కనబడును. యక్షగానశబ్దమునకు వారే మూలమని కొందఱి మతము. ఇంతవఱకు బాధలేదు. రాక్షసులను గూడ నిట్లే వెదకి, కొండలలోని చెంచులనో, ఇరుళులనో, మఱియొకరినో చూపుట మాత్రము ప్రమాదము. 1871లో పుట్టి 1911లో చెన్నరాజధానికి వ్యాపించిన నేరస్థజాతుల చట్టము చేసిన పని యిదియే: ఎఱుకలవారివంటి జాతులను పుట్టుకతోనే దొంగలని వ్రాసి పెట్టినది. 1952లో ఆ చట్టము రద్దయ్యెను. పేరు అంటుకొన్నవారికి అది యంత సులభముగా వీడలేదు. జాతికథలను చరిత్రగా చదువువారు ఈ దృష్టాంతమును మఱువరాదు.

రాతిగుళ్ళ మాటకు వత్తము. అవి యిండ్లు కావు, సమాధులు. ఇనుపయుగమునాటివి, క్రీస్తునకు పూర్వపు వేయియేండ్లలో పెక్కు కట్టబడినవి. చాలచోట్ల శవమును వేఱొకచోట నుంచి, పిదప ఎముకలను మాత్రము ఏఱి తెచ్చి యిందుంచిరి. కావున ఆ రంధ్రము నడచువానికి వాకిలి కాదు. దక్షిణదేశపు ఇట్టి సమాధులలో దొరకిన యస్థులు సామాన్యప్రమాణము గల మనుష్యులవి. బండల నెత్తినది మాయాబలము కాదు. పెక్కుచేతులు, సన్నెకోలలు, మట్టికట్టలు చాలును.

యక్షుడు నిధికి కాపరి యను నమ్మకము ఈ గుళ్ళకు కీడు చేసినది. లోపల ధనమున్నదని రాత్రివేళల త్రవ్వి పలకలను పడద్రోసినవారు కొందఱు. పలకలనే ఇంటిపనికి మోసికొనిపోయినవారు కొందఱు. వలయములు చెదరినచోట ఏ గుడి యే గుంపునకు చెందినదో తెలియక పరిశోధకులకు వరుస దొరకదు. త్రవ్వినవారికి సామాన్యముగా దొరకునవి లోపల నలుపును వెలుపల ఎఱుపును గల కుండపెంకులు, త్రుప్పుపట్టిన యినుప కత్తులు, కొన్ని పూసలు.