రిసీవరుతో రేడియో ఛానల్ కొలత: చరిత్ర

ట్రాన్స్‌మిటరు నుంచి వెలువడిన రేడియో తరంగం దారిలో ఎంత బలహీనపడింది, ఎన్ని మార్గాలుగా చీలింది, ఒక్కో మార్గంలో ఎంత ఆలస్యమైంది అన్న విషయాలను రిసీవరుకు అందిన సంకేతం నుంచి రాబట్టడమే ఛానల్ కొలత. ఇక్కడ ఛానల్ అంటే రెండు యాంటెన్నాల నడుమ తరంగాన్ని మార్చగల పరిసరమంతా: భవనాలు, కొండలు, వాహనాలు, పై వాతావరణం కూడా.

ఈ విద్యకు, రేడియో తరంగాలను వెనక్కి పంపే పై వాతావరణపు పొర అయిన అయనావరణపు పరిశోధనలోనే పునాది పడింది. 1924 డిసెంబరులో ఎడ్వర్డ్ ఆపిల్టన్, మైల్స్ బార్నెట్ బోర్న్‌మత్‌లోని బీబీసీ కేంద్రపు పౌనఃపున్యాన్ని కొద్దికొద్దిగా మార్పిస్తూ, ఆక్స్‌ఫర్డ్‌లోని రిసీవరులో సంకేతపు హెచ్చుతగ్గులను లెక్కించి, నేల వెంట వచ్చిన తరంగానికీ పైనుంచి పరావర్తనమైన తరంగానికీ గల దూరభేదాన్ని కనుగొన్నారు. మరుసటి ఏడాది అమెరికాలో గ్రెగరీ బ్రైట్, మెర్ల్ ట్యూవ్ క్లుప్తమైన పల్సులను పంపి ఆ ఆలస్యాన్ని నేరుగా కొలిచారు. 1950లలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి. రామచంద్రరావు బృందం, ఎడంగా అమర్చిన రిసీవర్లలో సంకేతపు ఎగుడుదిగుళ్లను పోల్చి అయనావరణంలోని గాలులను అధ్యయనం చేసింది.

మొబైల్ రేడియో వచ్చాక దృష్టి నగర వీధులకు మళ్లింది. యోషిహిసా ఒకుమురా బృందం 1968లో ప్రకటించిన టోక్యో ప్రాంతపు కొలతలు ప్రధానంగా సంకేత బలానికి సంబంధించినవి. వాటి నుంచే 1980లో మసాహారు హాటా సూత్రాలు రూపొందించాడు. అయితే బలం ఒక్కటే తెలిస్తే చాలదు, ఎందుకంటే వేర్వేరు మార్గాల్లో ఆలస్యంగా చేరే ప్రతులు ఒకదానిమీద ఒకటి పడి డిజిటల్ సందేశాన్ని చెడగొడతాయి.

ఆ ఆలస్యాలను విడదీసి చూపిన పద్ధతుల్లో, బెల్ ల్యాబ్స్‌లో డొనాల్డ్ కాక్స్ 910 మెగాహెర్ట్జ్ వద్ద కొలతలకు వాడి 1972లో ఫలితాలు ప్రకటించిన పద్ధతి అత్యంత సొగసైనది. చూడటానికి క్రమం లేనట్టున్నా ముందే నిర్ణయించిన సంకేతాల వరుసను ట్రాన్స్‌మిటరు పంపుతూ ఉంటే, రిసీవరు అదే వరుసను తనలో రవ్వంత నెమ్మదిగా నడుపుతుంది. రెండింటి మధ్య ఎడం మారుతూ పోయేకొద్దీ, ఒక్కో మార్గంలో వచ్చిన ప్రతితో అది సరిపడిన క్షణాన ఒక శిఖరం లేస్తుంది. తరంగం 300 మీటర్లు సాగే ఒక మైక్రోసెకను వ్యవధిలోని వివరం సైతం, ఇలా సాధారణ రికార్డరుకు అందేంత నిదానంగా బయటపడుతుంది.

కొలత పరిశోధకులకే పరిమితం కాలేదు. 1958లోనే రాబర్ట్ ప్రైస్, పాల్ గ్రీన్ వివరించిన రేక్ రిసీవరు, విడివిడిగా అందిన ప్రతుల ఆలస్యాలను సరిదిద్ది వాటి బలాన్ని కలుపుకొనేది. జీఎస్‌ఎం ఫోనులోనైతే ఒక విడతగా పంపే 148 బిట్ల సాధారణ బరస్టులో 26 బిట్లు రిసీవరుకు ముందే తెలిసినవి. వచ్చిన రూపాన్ని తెలిసిన రూపంతో పోల్చి అది ఛానల్‌ను అంచనా వేస్తుంది. ఆ బిట్లను బరస్టు నడిమధ్యన పెట్టడానికి కారణం, ఫోను కదులుతున్నకొద్దీ ఛానల్ మారిపోతుంటుంది కనుక, నడుమ చేసిన అంచనా రెండు కొసలకూ దాదాపు సరిపోవడమే.