తిరుత్తణి నుంచి వాల్తేరుకు

పొన్నేరి తెలుగువాళ్లకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దూరపు చుట్టమే. చదువుకని రైలెక్కిన మా పిల్లలు దిగేది మద్రాసులో. అయినా ఈ నూరేళ్ల పండుగలో మాకూ వాటా ఉంది. పరిషత్తు రెండో వైస్ ఛాన్సలర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టింది తిరుత్తణిలో. అప్పట్లో విశాఖ వాల్తేరులో ఆయన పదవిలో ఉండగా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోది. 1960 ఏప్రిల్ 1న అది ఇటు మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది, మా పొన్నేరి తాలూకా పల్లెలు కొన్ని అటు ఆంధ్రలోని సత్యవేడు వైపు వెళ్లాయి.

ప్రత్యేక సంచికల్లో భవనాల చిట్టా ఎలాగూ ఉంటుంది. నన్నడిగితే ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైనది ఒక రాజీనామా. 1926లో బెజవాడలో పరిషత్తు పుట్టినప్పుడు తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ఆయన కాంగ్రెస్ మనిషి కారు. జస్టిస్ పార్టీలో ఉండి, పడక బయటికొచ్చినవారు. అయినా ఉప్పు సత్యాగ్రహులను ప్రభుత్వం అణిచివేసిన తీరుకు నిరసనగా పదవి వదులుకున్నారు. వాల్తేరుకు మారిన పరిషత్తు ఇంకా కుదురుకోలేదు. పసిబిడ్డను నడివీధిలో దించి వెళ్లారని ఎవరైనా అంటే కాదనలేం. కానీ ఆ కుర్చీ కోసం నోరు కట్టుకోనక్కర్లేదని అక్కడి వారందరికీ ఆ రోజే తెలిసింది.

1931లో వచ్చిన రాధాకృష్ణన్ ఊరూ భాషా చూడకుండా మనుషులను ఏరుకున్నారు. బెంగాల్ నుంచి హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ వచ్చారు. రామన్ దగ్గర పనిచేసిన సూరి భగవంతం 1932లో చేరేనాటికి ఆయనకు ఇరవై మూడేళ్లు నిండీ నిండని వయసు. మరుసటి ఏడు, మాంచెస్టర్‌లో రాబిన్సన్ వద్ద పరిశోధన చేసిన తమిళుడు టి.ఆర్. శేషాద్రికి రసాయనశాస్త్రం అప్పగించారు. పరిషత్తుకు జయపురం మహారాజా విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలిచ్చారు. శేషాద్రి పరిశోధనకు ఎంచుకున్నవి చుట్టుపక్కల చేలలో పూసేవే: పత్తిపూలు, గోగుపూలు. వాటి రంగుల్లో ఏముందో ఆయనా శిష్యులూ తేల్చారు.

1936లో రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డ్ వెళ్లగానే కట్టమంచి మళ్లీ వచ్చారు. పాతవారు తిరిగొస్తే మధ్యలో వచ్చినవారి పనులు చెరిపేయడం మన దగ్గర మామూలే. ఇక్కడ అలా జరగలేదు. భగవంతం, శేషాద్రి తమ విభాగాల్లోనే కొనసాగారు. 1938లో వాడుకభాష కోసం జీవితమంతా పండితులతో తగువులాడిన గిడుగు రామమూర్తికి పరిషత్తు కళాప్రపూర్ణ బిరుదునిచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపై జపాన్ బాంబులు పడ్డాక పరిషత్తు గుంటూరుకు తరలింది. సామాన్లు సర్దుకున్నారు గానీ పరిశోధన మానలేదు. గ్రూప్ సిద్ధాంతాన్ని భౌతికశాస్త్రానికి అన్వయిస్తూ భగవంతం, వెంకటరాయుడు రాసిన పుస్తకాన్ని 1948లో పరిషత్తే అచ్చువేసింది.

మరుసటి ఏడు కట్టమంచి పదవి నుంచి తప్పుకున్నారు. శేషాద్రి ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లారు.